కట్టీసినారు, కట్టీసినారు

సాయంత్రం ఐదైతే చాలు, మా అత్తమ్మ కొంగు నడుముకి బిగించి గుమ్మం దాకా వచ్చేస్తుంది. "పొద్దోయింది. పిక్కలు ఏరాల. తోటకెల్లాల" అంటుంది. ఆ తోట ఇప్పుడు లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లతో పాటు మా జీడితోట కూడా వేళ్ళతో సహా లేచిపోయింది. ఉద్దానంలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో మీకు తెలుసు. కానీ అత్తమ్మ లెక్కలో ఆ తోట ఉంది, చెట్ల కింద పిక్కలు రాలి ఉన్నాయి, ఏరేవాళ్ళు లేరు.

మొదట్లో అందరిలాగే మేమూ "వయసు కదా" అనుకున్నాం. వండిన కూరలో రెండోసారి ఉప్పు వేసేది. డబ్బులు బియ్యం డబ్బాలో దాచి, దొంగలు పడ్డారని గోల పెట్టేది. చాదస్తం అన్నాం. 2021లో విశాఖపట్నంలో నరాల డాక్టరుగారు చూసి డిమెన్షియా అన్నారు, అందులో అల్జీమర్స్ రకం. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు, చూసుకునే పద్ధతే మందు అని కూడా చెప్పారు. ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు.

ఈ రోజు రాయాలనుకున్నది జబ్బు గురించి కాదు. ఆ జబ్బు వచ్చిన మనిషిని డబ్బిచ్చి ఇంకొకరి చేతికి అప్పగించినప్పుడు ఏం జరుగుతుంది, ఏం జరగకుండా చూడాలి అన్నదాని గురించి. మనలో చాలామందికి ఈ అవసరం ఇప్పటికే వచ్చింది, రానివాళ్ళకి రేపో మాపో వస్తుంది. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో విదేశాల్లోనో ఉంటున్నారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళూ, వాళ్ళని చూసుకునే మనలాంటి యాభై దాటిన కోడళ్ళూ. మనకీ ఒంట్లో బాగోని రోజులుంటాయి.

నాకూ వచ్చింది అలాంటి రోజు. 2023లో గర్భసంచి ఆపరేషన్ అయింది. రెండు నెలలు బరువులెత్తకూడదు, వంగకూడదు అన్నారు. అత్తమ్మని లేపాలంటే ఇద్దరు కావాలి. మా వారికి కాశీబుగ్గలో కొట్టు. మరిది, తోడికోడలు హైదరాబాదులో ఇద్దరూ ఉద్యోగస్తులు. టెక్కలిలో ఉన్న ఆడపడుచు తీసుకెళ్తానంది కానీ, వాళ్ళాయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉద్దానం వైపు మనిషికి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకే ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు, ఇంకొకరికి మతి తప్పడం అంటే ఆ ఇంటి ఆడదాని సంగతి ఏమిటో ఊహించుకోండి.

అలా విశాఖలో ఒక హోమ్‌లో రెండు నెలలకని చేర్చాం. పేరు రాయను. నెలకి పాతిక వేలు, ముందు డిపాజిట్టు. గదులు శుభ్రంగా ఉన్నాయి. వరండాలో తులసికోట, హాల్లో టీవీ. మేనేజరు నెమ్మదిగా మాట్లాడింది. మాకు తెలిసినంతలో అన్నీ చూశాం. చూడాల్సింది మాత్రం చూడలేదని తర్వాత తెలిసింది.

రోజూ ఫోన్ చేసేవాళ్ళం. "బాగున్నారు, తిన్నారు, పడుకున్నారు" అనేవారు. అత్తమ్మకి ఫోన్ ఇస్తే ఒకటే మాట: "కట్టీసినారు. కట్టీసినారు."

మా ఆయన నవ్వి, "గౌరిని కట్టేశారా అమ్మా? మంచిదేలే, మేత వేశారా?" అనేవారు. గౌరి మా పాత ఆవు. అది పోయి పన్నెండేళ్ళయింది. అత్తమ్మ ఎప్పుడూ పాతకాలంలోనే ఉంటుంది కదా, ఆవుని తలుచుకుంటోంది అనుకున్నాం. మూడు రోజులు అదే మాట. మూడు రోజులూ మేం ఆవు గురించే మాట్లాడాం.

నాలుగోవారంలో మా ఆయన వెళ్ళారు. తల్లి చెయ్యి పట్టుకుంటే గాజులు పైకి జరిగాయి. గాజుల కింద మణికట్టు చుట్టూ నల్లగా కమిలిన చార. రెండో చేతికీ అంతే. మేనేజరుని అడిగితే, "ఆవిడే గాజులతో ఒరుసుకున్నారండీ, ఈ జబ్బులో అలాగే చేస్తారు" అంది. మా ఆయన నాకు ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేకపోయారు. నేను కుట్లు పట్టుకునే కారెక్కి వెళ్ళాను.

రాత్రి డ్యూటీ ఆయాని పిలిపించమని పట్టుబట్టాను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్ల. తిట్టడానికి నోరు తెరిచేలోపు ఆ పిల్ల మాట వినపడింది. మన మాటే. "మీదే ఊరు?" అంటే మందస దగ్గర అంది. తండ్రికి కిడ్నీ జబ్బు. ఇంటర్ ఆపేసి వచ్చింది. "నర్సింగ్" అని చెప్పి తీసుకొచ్చారట. నేర్పింది ఎన్నాళ్ళు అంటే, ముందున్న ఆయా రెండు రోజులు చూపించింది అంది.

"ఎందుకే కట్టావు?" అన్నాను.

ఏడుస్తూ చెప్పింది. "రేత్రి పదారు మందికి నానొక్కదాన్నే అప్పా. నలుగురు లెగిసి తిరుగుతారు. ఒకర్ని బాత్రూముకి తీసికెల్తే ఇంకొకరు పడిపోతారు. పోయిన నెల ఒకమ్మ పడి తుంటి ఇరిగింది. నా జీతంలో కోసీసినారు. కట్టీమని నాకు ఆలే సెప్పినారు. పడితే నన్ను తిడతారు. కట్టీస్తే ఎవులూ అడగరు."

పడితే జీతం కోత. కట్టేస్తే ఎవరూ అడగరు. ఆ హోమ్ ఎలా నడుస్తోందో ఆ పిల్ల రెండు ముక్కల్లో చెప్పేసింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి, చెప్పకపోతే మిగతాది రాసే అర్హత నాకుండదు. అదే ఏడాది మార్చిలో ఒక మధ్యాహ్నం అత్తమ్మ తన మలం తనే గోడకి రాసింది. అంతకుముందు మూడు రాత్రులుగా నాకు నిద్ర లేదు. కడుగుతుంటే జుట్టు పట్టి లాగింది. నేను చేతిమీద రెండు దెబ్బలు వేశాను. గదిలో పెట్టి బయట గడియ పెట్టాను. లోపల్నించి, "అమ్మా, కొట్టకే అమ్మా" అంది. నన్ను తన తల్లి అనుకుంది. ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

ఆ పిల్లకీ నాకూ తేడా ఏమిటని చాలా ఆలోచించాను. నాకు ఆమె అత్త, తనకి ఎవరో. నిజమే. కానీ నేనూ కొట్టాను కదా! అసలు తేడా ఒకటే. గంట తర్వాత మా ఆయన భోజనానికి వచ్చారు, నేను మేడమీదికెళ్ళి కూర్చోగలిగాను. ఆ పిల్లకి తెల్లారేదాకా వచ్చేవాళ్ళు లేరు.

ఆ పిల్లని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. మనిషిని మంచానికి కట్టడం తప్పు. జబ్బు మనిషి అయినంత మాత్రాన ఆ తప్పు తగ్గదు, నోరు లేని మనిషి కాబట్టి ఇంకా పెరుగుతుంది. నేను చేసిందీ తప్పే. కానీ తప్పు చేసిన చెయ్యి దగ్గరే ఆగిపోతే, రేపు ఇంకో చెయ్యి అదే పని చేస్తుంది. అత్తమ్మని ఆ రోజే ఇంటికి తెచ్చేశాం. హోమ్ యాజమాన్యానికి కాగితం రాసిచ్చాను. రాత్రికి ఇంకో మనిషిని పెట్టండి, జీతం కోతలు ఆపండి, కట్టడం మానండి అని. వారం తర్వాత ఫోన్ వచ్చింది. "ఆ అమ్మాయిని తీసేశామండీ. ఇక ఇబ్బంది లేదు." డిపాజిట్టు తీసుకోవడానికి ఒక రాత్రి చెప్పకుండా వెళ్ళాం. వార్డులో కొత్త పిల్ల ఉంది. ఒక్కర్తే ఉంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2020 జనవరిలో హైదరాబాద్ శివార్లలో, కీసర పోలీసుల పరిధిలోని నాగారంలో ఒక వృద్ధాశ్రమం నుంచి 73 మందిని బయటికి తెచ్చారు. ఇరుకు ఇంట్లో కుక్కి, కొందరిని గొలుసులతో కట్టి, కొట్టారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి, నిర్వాహకులు అరెస్టయ్యారు. 2025 జూన్‌లో ఢిల్లీ పక్కన నోయిడాలో ఒక ఆశ్రమంలో 39 మంది ముసలివాళ్ళు తాళం వేసిన గదుల్లో కనిపించారు. ఒకావిడ చేతులు గుడ్డతో కట్టి ఉన్న వీడియో దేశమంతా చూసింది. అక్కడున్నవాళ్ళందరూ దిక్కులేనివాళ్ళు కారు, డబ్బు కట్టి చేర్చిన కుటుంబాలూ ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో ఒక పాకకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది మానసిక రోగులు పరిగెత్తలేక కాలిపోయారు. కట్టేసిన మనిషికి మంటొచ్చినా, వరదొచ్చినా, దాహమేసినా ఒకటే. కదల్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటి ఉంది. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో పనిచేసే సిబ్బందిని అడిగితే, ముగ్గురిలో ఇద్దరు గడిచిన ఏడాదిలో ఏదో ఒక రకంగా వృద్ధుల పట్ల తప్పుగా ప్రవర్తించామని తామే చెప్పుకున్నారు. ముగ్గురిలో ఇద్దరంటే వాళ్ళందరూ రాక్షసులా? కాదు. మామూలు మనుషుల్ని ఆ పని చేయించే ఏర్పాటు ఏదో అక్కడ ఉందని అర్థం.

మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని, మొత్తం 88 లక్షల మంది అని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువని కూడా తేల్చింది. అంటే ఈ విషయంలో రెండు వైపులా మనమే ఉన్నాం. మంచం మీద ఉండబోయేదీ మనమే, మంచం పక్కన నిలబడేదీ మన ఆడపిల్లలే. జీడి ఫ్యాక్టరీలో పప్పు వలిచే పని దొరకని పిల్ల, పెళ్ళికి అప్పు తీర్చాల్సిన పిల్ల, తండ్రి డయాలసిస్‌కి తిరుగుతున్న పిల్ల రైలెక్కి ఆయాగా వెళ్తోంది.

చట్టం లేదా అంటే, ఉంది. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దాని కింద పోషణ ఇవ్వని పిల్లల మీద ఆర్డీఓ స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. మనకి టెక్కలిలోనూ, 2022 నుంచి పలాసలోనూ రెవెన్యూ డివిజన్లు ఉన్నాయి. వృద్ధుణ్ణి వదిలేసిపోతే మూడు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కానీ ఆ చట్టం చూపు ఎక్కువగా పిల్లల మీదే. డబ్బు తీసుకుని నడిపే హోమ్‌లో రాత్రి రెండింటికి ఏం జరుగుతోందన్నది దానికి దూరం. ఇలాంటి కేంద్రాలన్నీ రిజిస్టర్ కావాలి, కనీస ప్రమాణాలు పాటించాలి, ఇంటికొచ్చే కేర్‌టేకర్లని పంపే ఏజెన్సీలు కూడా రిజిస్టర్ కావాలి అని 2019లో పార్లమెంటులో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. మనం ఓట్లడగడానికి వచ్చినవాళ్ళని రోడ్డు గురించి అడుగుతాం, పింఛను గురించి అడుగుతాం. దీని గురించి కూడా అడగాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో మంచి మాట చెప్పింది. మానసిక చికిత్సా కేంద్రాల్లో మనిషిని కట్టడం శిక్షగా గానీ, భయపెట్టడానికి గానీ చేయకూడదు. అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదం ఉండి, వేరే దారి లేనప్పుడు మాత్రమే, అదీ మానసిక వైద్యుడి అనుమతితో, అవసరమైనంత సేపే. సిబ్బంది తక్కువగా ఉన్నారన్నది కారణం కాకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. ఏ హోమ్‌కైనా, ఏ ఇంటికైనా ఇదే కొలత పెట్టుకుంటే చాలు. పదహారు మందికి ఒక్కర్ని పెట్టి, అందుకని కట్టాం అనడం ఇక కుదరదు.

తాడుతో కట్టడం కనిపిస్తుంది. మాత్రతో కట్టడం కనిపించదు. "రాత్రి గోల చేస్తున్నారండీ, ఒక మాత్ర వేశాం, ఇప్పుడు హాయిగా పడుకుంటున్నారు" అంటే మనం సంతోషిస్తాం. డిమెన్షియా ఉన్న ముసలివాళ్ళకి కొన్ని మానసిక రోగాల మందులు వాడితే చావు ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. డాక్టరు చూసి, అవసరమని రాసి, మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తూ ఇస్తే వేరు. ఆయా పని తగ్గడానికి ఇస్తే అది మందు కాదు, తాడే. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికైతే ఏ మాత్రైనా ఇంకా జాగ్రత్తగా ఇవ్వాలి. ఇంకో సంగతి. నిన్నటిదాకా కాస్త నెమ్మదిగా ఉన్న మనిషి ఒక్కసారిగా తిరగబడుతుంటే, మాటలు తికమకపడుతుంటే మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, మలబద్ధకమో, నొప్పో కారణం కావొచ్చు. నొప్పి అని చెప్పలేక కొడతారు. దానికి డాక్టరు కావాలి, దెబ్బ కాదు.

మరి ఏం చేయాలి? నా అనుభవంలో నేర్చుకున్నవి చెబుతాను.

చేర్చే ముందు టైల్సు చూడకండి, రాత్రి చూడండి. "రాత్రి పదింటి తర్వాత ఎంతమందికి ఎంతమంది ఆయాలు? వాళ్ళెన్ని గంటలు పనిచేస్తారు? వారానికి సెలవుందా? ఎవరు నేర్పారు? మనిషి పడితే ఎవరిని బాధ్యుల్ని చేస్తారు?" ఈ ఐదు ప్రశ్నలు అడగండి. వీటికి తడబడే చోట మనవాళ్ళని పెట్టొద్దు. "ఆయాల సంగతి మీకెందుకండీ" అంటే అసలు పెట్టొద్దు. ఆయా నిద్రపోయిందా లేదా అన్నది మన అమ్మ సంగతే.

చేర్చాక చెప్పి వెళ్ళకండి. ఒకసారి పొద్దున్న స్నానాల వేళకి, ఒకసారి భోజనాల వేళకి, ఒకసారి రాత్రికి వెళ్ళండి. చాలా దూరంలో ఉంటే ఆ ఊళ్ళోనే ఉన్న చుట్టాన్నో స్నేహితురాలినో అడగండి. ఎవరో ఒకరు వచ్చి చూస్తారని తెలిసిన మంచం దగ్గర చెయ్యి లేవదు. అసలు ఎవరూ రాని మనిషే ఎక్కువ దెబ్బలు తింటుంది.

వెళ్ళినప్పుడు పండ్లిచ్చి, ఫోటో తీసుకుని రాకండి. మణికట్లు, చీలమండలు, భుజాల కింద, వీపు, పిరుదులు చూడండి. గాజుల కింద చూడండి. చీర మార్చే వంకతో చూడొచ్చు. గోళ్ళు, నాలుక, తల చూడండి. నీళ్ళ గ్లాసు చేతికి అందేలా ఉందా చూడండి. బరువు రాసిపెట్టుకోండి. ఒక మనిషి లోపలికి రాగానే అమ్మ ఒళ్ళు ముడుచుకుంటుంటే ఆ మనిషి గురించి అడగండి. పేరు మరిచిపోయినా భయం మరిచిపోరు.

అన్నిటికంటే ముందు, వాళ్ళ మాట నమ్మండి. పదిసార్లు అబద్ధమైనా పదకొండోసారి నిజం కావొచ్చు. అత్తమ్మ మూడు రోజులు చెప్పింది. మాటలు సరిగానే చెప్పింది. ఎవర్ని కట్టారని మేమే అడగలేదు. "ఎవర్ని కట్టారు అత్తమ్మా? ఎక్కడ? చెయ్యి చూపించు" అని ఉంటే అయిపోయేది. ఈ జబ్బు మనుషుల మీద చెయ్యి చేసుకునేవాళ్ళకి పెద్ద ధైర్యం ఏమిటంటే, ఈవిడ మాట ఎవరు నమ్ముతారులే అన్నది. ఆ ధైర్యం వాళ్ళకి ఇస్తున్నది మనమే.

కెమెరాలు పెట్టాలా అంటే, హాల్లో, వరండాలో పెట్టాలి. కానీ కెమెరా జరిగిపోయినదాన్ని చూపిస్తుంది, జరగబోయేదాన్ని ఆపే మనిషి మాత్రం అక్కడ ఉండాలి. స్నానాల గదిలో, బట్టలు మార్చేచోట పెట్టడం మళ్ళీ ఇంకో అవమానం. పదహారు మందికి ఒక ఆయా ఉన్నచోట పదహారు కెమెరాలు పెట్టినా, ఆమె ఓపిక పెరగదు.

ఇక ఆయాలకి ఏం కావాలో వినండి. ముట్టుకునే ముందు ఎదురుగా వచ్చి, పేరు పెట్టి పిలిచి, "అమ్మా, ఇప్పుడు చీర మారుద్దాం" అని చెప్పాలని వాళ్ళకి ఎవరైనా నేర్పాలి. వెనకనుంచి వచ్చి చీర లాగితే ఏ ఆడది ఊరుకుంటుంది? మతి ఉన్నా లేకపోయినా తన్నుతుంది. స్నానానికి రానంటే అరగంట ఆగి మళ్ళీ అడగొచ్చని, ఆ రోజు ఒళ్ళు తుడిచినా చాలని నేర్పాలి. కోపం పైకొస్తే పక్కవాళ్ళని పిలిచి ఐదు నిమిషాలు బయటికి పోవచ్చు, అందుకు తిట్టరు అన్న భరోసా ఇవ్వాలి. "నాకు చేతకావట్లేదు" అనగలిగే చోటు ఉండాలి. తోటి ఆయా కొట్టడం చూస్తే చెప్పినా ఉద్యోగం పోదన్న నమ్మకం ఉండాలి. మనం వెళ్ళినప్పుడు ఆ పిల్లని "ఏయ్" అనకుండా పేరు పెట్టి పిలవాలి. మన ముందు ఆ పిల్లని హీనంగా చూస్తే, మన వెనక ఆ పిల్ల ఎవరిని చూస్తుంది?

అత్తమ్మని చూసుకునే పద్ధతి గురించి మాకు ఎవరూ అడగని ఒక ప్రశ్న ఉంది. "ఈవిడ ఇదివరకు ఏం చేసేది?" హోమ్ ఫారంలో ఆధార్ నంబరు అడిగారు, షుగరు అడిగారు, ఇది అడగలేదు. ఆ నలభై ఏళ్ళూ ఆవిడ చేసింది పిక్కలు ఏరడం, ఎండబెట్టడం, తాలు తీసి బస్తాకెత్తడం. రాత్రి లేచి తిరిగేది తోటకి వెళ్దామనే. ఇప్పుడు మా ఇంట్లో ఐదింటికి చేటలో రెండు శేర్ల పిక్కలు పోసి ముందు పెడతాను. మంచివి ఒక పక్కకి, తాలు ఒక పక్కకి ఏరుతుంది. గంటన్నర కదలదు. మర్నాడు అవే మళ్ళీ కలిపి పెడతాను. ఆవిడకి అది కొత్త పంటే. పని చేసి అలిసింది కాబట్టి రాత్రి కాస్త పడుకుంటుంది. ప్రతి రోజూ పనిచేస్తుందని చెప్పను. కొన్ని రోజులు చేట విసిరేస్తుంది. కానీ తాడు అవసరం మాకు రాలేదు. మీ అమ్మ చేపలు అమ్మి ఉండొచ్చు, బడిలో పాఠాలు చెప్పి ఉండొచ్చు, బీడీలు చుట్టి ఉండొచ్చు. చేర్చేటప్పుడు ఒక కాగితం మీద రాసిచ్చి, ఆయాకి చదివి వినిపించండి. రోగి కాస్తా మనిషిగా కనిపించడానికి అదొక్క కాగితం చాలా ఉపయోగపడుతుంది.

ఇంట్లోనే ఆయాని పెట్టుకున్నవాళ్ళకీ ఇవే వర్తిస్తాయి. ఇరవైనాలుగ్గంటల డ్యూటీ అని పెట్టుకుని, రాత్రి నాలుగుసార్లు లేపి, పొద్దున్నే అంట్లు తోమమంటే, ఆ మధ్యాహ్నం చెయ్యి జారుతుంది. మన చేతులకే జారింది కదా.

నాకో ఆశ ఉంది. మన తీరం పొడవునా తుఫాను షెల్టర్లు ఉన్నాయి. ఏడాదిలో చాలా రోజులు తాళం వేసే ఉంటాయి. వాటిల్లో కొన్నిటినైనా పగటిపూట ముసలివాళ్ళని కూర్చోబెట్టే చోట్లుగా మారిస్తే? డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళలో కొందరికి శిక్షణ, జీతం ఇచ్చి పెడితే? పొద్దున్న తొమ్మిదికి దింపి సాయంత్రం నాలుగుకి తెచ్చుకుంటే కోడలికి ఏడు గంటల ఊపిరి. పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. ఏళ్ళ తరబడి జనం అడిగితే వచ్చాయి. అడగనిది రాదు. మతి తప్పిన ముసలమ్మలు అడగలేరు, వాళ్ళ తరఫున మనమే అడగాలి.

ఎక్కడైనా ముసలివాళ్ళని కొడుతున్నారని, కట్టేస్తున్నారని తెలిస్తే 14567కి ఫోన్ చేయొచ్చు. వృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు అది. ప్రాణాపాయం అనిపిస్తే పోలీసులకే చెప్పండి. చూసుకుంటున్న మీకే చెయ్యి లేస్తోందా, ఏడుపొస్తోందా, పారిపోవాలనిపిస్తోందా? 14416 ఉంది, టెలీ మానస్. తెలుగులోనే మాట్లాడతారు. ఆ మార్చి మధ్యాహ్నం నాకు ఈ నంబరు తెలియదు.

మందస పిల్ల ఏమైందో తెలుసుకోవాలని ప్రయత్నించాను. ఇంకో ఊళ్ళో ఇంకో హోమ్‌లో చేరిందని ఆ కొత్త పిల్ల చెప్పింది. అక్కడ రాత్రికి ఎంతమందికి ఒక్కర్తో తెలియదు. అక్కడ మంచాల మీద ఎవరి అమ్మలున్నారో కూడా తెలియదు.

ఇవాళ అత్తమ్మ మణికట్లు మామూలుగానే ఉన్నాయి. కానీ స్నానం చేయించిన ప్రతిసారీ గాజులు పైకి జరిపి చూస్తాను. నా చేతుల మీద నాకున్న అనుమానంతోనే అనుకోండి. ఆ అనుమానం ఉండడమే మంచిది.